ఫొటోతో పాటు తేదీ కూడా ఉండాలి



మన తాతల కాలం తేదీలు ఎవరు రాశారు? నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. ఆ తర్వాత సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను ఉంచారు. ఎవరున్నారు, ఎవరు ఊరు దాటారు అన్నది రిజిస్టర్లకెక్కింది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. కానీ మన గురించి తేదీతో సహా దొరికే పాత కాగితాల్లో చాలా వరకు మనం రాసుకున్నవి కావు.

ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది. మిరప కల్లంలో కాయలు ఏరే అమ్మలు, పత్తి తీతకు వెళ్లే ఆటోలు, ఈతబద్దలతో బుట్ట అల్లే అవ్వ, అన్నీ తీస్తున్నాం. ఫోను ప్రతి ఫొటో లోపల తీసిన రోజు, గంట, నిమిషం రాసిపెడుతుంది. దాన్నే ఎగ్జిఫ్ అంటారు. చిక్కంతా తర్వాతే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి. ఫైలు పేరులో కనిపించే తేదీ తీసిన రోజుది కాదు. స్క్రీన్‌షాట్ తీసినా అంతే. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు సేవ్ చేసిన రోజునే కొత్త తేదీగా వేస్తాయి. అవ్వ పోయాక తీసిన ఫొటోలాగా అవ్వ బతికున్నప్పటి ఫొటో కనిపిస్తుంది!

అందుకే అసలు ఫైలును ముట్టుకోకండి. కాపీ చేసి దాని మీదే రంగులు దిద్దండి. ఎగుమతి చేసేటప్పుడు మెటాడేటా ఉంచమనే గుర్తు ఉంటే టిక్ పెట్టండి. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి. గూగుల్ ఫొటోస్‌లో తేదీ సరిదిద్ది టేకౌట్‌తో దించుకుంటే, ఆ సవరణ పక్కనున్న జేసన్ ఫైల్లో ఉంటుంది, దాన్ని చెత్తని పారేయకండి. కంప్యూటరు ఉన్నవాళ్లకు ఎగ్జిఫ్‌టూల్ ఉచితంగానే దొరుకుతుంది. ఒకేసారి వందల ఫొటోల తేదీలు చూడొచ్చు, దిద్దొచ్చు.

పాత అచ్చు ఫొటోలు స్కాన్ చేస్తే మాత్రం ఫైల్లో పడేది స్కాన్ తేదీ. అక్కడ యంత్రం ఏమీ చేయలేదు. ఫొటో వెనక రాత ఉంటే దాన్నీ స్కాన్ చేయండి. లేకపోతే పెద్దమ్మ దగ్గర కూర్చుని అడగండి. "మీ బాబాయి పెళ్లప్పుడు, ఆ ఏడు తుఫాను వచ్చింది" అంటుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనో, 1990 మే తుఫానో తేల్చుకోండి. తేలకపోతే 'సుమారు' అని రాయండి, చెప్పినవాళ్ల పేరూ రాయండి.

ఈ సంచికకు ఫొటోలు పంపేవాళ్లు అసలు ఫైలే పంపండి. దిద్దే పని మేం చూసుకుంటాం.