అమ్మాయి విడాకులు - మన పింఛను కాగితాలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి విడాకుల విషయంలో చట్టం, డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. మనవళ్ల పెళ్లి మాటలు మాట్లాడుకోవలసిన వయసులో ఇదేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని "అమ్మాయి ఇంటికి వచ్చేసిందండీ" అని గొంతు తగ్గించి చెప్పే సభ్యులు మనలో ఉన్నారు. నేను ప్లీడరును కాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి పింఛను ఫైళ్లు రాసిన గుమాస్తాను. నాకు తెలిసినంత మనవి చేస్తాను.

కలిసి బతికే దారి ఉంటే అంతకంటే కావలసింది లేదు. ఆ దారి మూసుకుపోయిందని ఇంటిల్లిపాదికీ తెలిశాక కూడా, నలుగురిలో పరువు పోతుందని కోర్టు గడప తొక్కకుండా పదేళ్లు, పదిహేనేళ్లు గడిపేస్తున్నాం. దానివల్ల అమ్మాయికి జరిగే నష్టం గురించే నా మాటలన్నీ.

మనం సాధారణంగా చేసేదేమిటి? పెద్దమనుషులను కూర్చోబెట్టి, స్టాంపు కాగితం మీద "ఇకమీదట మాకు సంబంధం లేదు" అని రాయించి, ఇరువైపులా సంతకాలు పెట్టిస్తాం. ఫలానా కులంలో విడాకుల ఆచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప, ఆ కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు. కోర్టు డిక్రీ కావాలి. డిక్రీ లేనంత కాలం, ఆఫీసు లెక్కలో ఆమె వివాహితే.

ఇప్పుడు పింఛను సంగతి. కేంద్ర పింఛను నిబంధనల ప్రకారం, పింఛనుదారు, ఆయన భార్య గతించాక, 25 ఏళ్లు దాటినా విడాకులు పొందిన కుమార్తెకు కుటుంబ పింఛను వస్తుంది. చిన్న పిల్లలు, వికలాంగులైన పిల్లలు ఉంటే వారి వంతు ముందు. ఆమె తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉండాలి. ఆమె నెల ఆదాయం కనీస కుటుంబ పింఛను, దాని మీద కరువు భత్యం కలిపిన మొత్తానికి లోపు ఉండాలి. ఏడవ వేతన సంఘం లెక్కలో ఆ కనీసం 9,000 రూపాయలు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. విడాకుల డిక్రీ తల్లిదండ్రులు ఉండగానే రావాలి, లేదా కనీసం కేసు అయినా వారిలో ఒకరు జీవించి ఉండగా కోర్టులో దాఖలై ఉండాలి. 2017 జూలైలో వచ్చిన ఉత్తర్వు ఈ రెండో వెసులుబాటు ఇచ్చింది. కేసు నడుస్తుండగా ఇద్దరూ పోయినా, తర్వాత డిక్రీ వస్తే, డిక్రీ తేదీ నుంచి పింఛను ఇస్తారు. ఇద్దరూ పోయిన తర్వాత కేసు వేస్తే మాత్రం రాదు.

నేను చూసిన ఒక ఫైలు చెబుతాను. అమ్మాయి పద్దెనిమిదేళ్లుగా పుట్టింట్లోనే ఉంది. తండ్రి పోయాడు, తల్లికి కుటుంబ పింఛను వచ్చింది. తల్లి కూడా పోయాక ఆమె కేసు వేసి, డిక్రీ తెచ్చుకుని అర్జీ పెట్టింది. ఆమె చెప్పిందంతా నిజమే. ఊరంతా సాక్ష్యం చెబుతుంది. కాని కేసు దాఖలు తేదీ తల్లి మరణించిన తేదీ తర్వాత పడింది. అర్జీ తిరస్కరించక తప్పలేదు. ఆ కేసు తల్లి ఉన్నప్పుడే వేసి ఉంటే ఆమెకు బతుకంతా ఒక ఆధారం ఉండేది.

రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు రాష్ట్ర ఉత్తర్వులు వర్తిస్తాయి. వారు తమ సబ్ ట్రెజరీలో విచారించుకోగలరు.

కేసు అనగానే భయపడనవసరం లేదు. ఇద్దరికీ సమ్మతమైతే 13-బి సెక్షను ఉంది. ఏడాదిపాటు విడిగా ఉన్నవారు కలిసి పిటిషను వేయవచ్చు. తర్వాత ఆరు నెలల గడువు. రాజీకి అవకాశం లేదని తేలితే కోర్టు ఆ గడువును సడలించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఖర్చుకు జంకేవారు గుర్తుంచుకోవాలి: 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా ప్లీడరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేయాలి.

మనోవర్తి విషయం. కేసు నడిచే కాలానికి 24వ సెక్షను, శాశ్వత భరణానికి 25వ సెక్షను ఉన్నాయి. పాత 125వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను వచ్చింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణ పత్రంలో చూపాలని, మనోవర్తి దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. అంటే ఆలస్యం చేసిన ప్రతి నెలా మన నష్టమే.

రాజీ పత్రంలో మొత్తం ఎంత, ఏ తేదీన, ఏ రూపంలో ఇస్తారో స్పష్టంగా రాయించండి. పిల్లల చదువు ఖర్చు విడిగా రాయించండి. పెళ్లిలో పెట్టిన బంగారం స్త్రీధనం, అది అమ్మాయిదే. ఇంటి అప్పు మీద ఇద్దరి సంతకాలు ఉంటే, విడాకులైనా బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. బ్యాంకును ఒప్పించి ఒకరి పేరు తీయించాలి. బీమా, బ్యాంకు ఖాతాల్లో నామినేషన్లు మార్చుకోవాలి.

చివరగా మనం చేయవలసినది. కుటుంబ వివరాల ఫారంలో అమ్మాయి పేరు ఉందో లేదో చూసుకోండి. పెళ్లయిందని పేరు వదిలేసినవారు చేర్పించండి. పెళ్లి శుభలేఖ, ఫోటోలు, నగల రసీదులు, పిటిషను నకలు, డిక్రీ సర్టిఫైడు నకలు, ఆమె ఆదాయ ధ్రువపత్రం ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో అమ్మాయికి చెప్పండి. మనకు తెలిసి ఆమెకు తెలియకపోతే ప్రయోజనం లేదు.

ప్రతి శనివారం ఉదయం నేను సంఘం ఆఫీసులో ఉంటాను. సందేహం ఉన్నవారు కాగితాలతో రండి, కలిసి చూద్దాం. ఇంటి విషయం బయటకు పొక్కుతుందనే శంక వద్దు.