కాలువ సుడి నుంచి సముద్రపు సుడి దాకా
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపులో పుట్టి పెరిగి, విశాఖపట్నం వెళ్ళి సముద్ర శాస్త్రం చదివాను. తీరం దగ్గర నీటి ప్రవాహాలను కొలవడం నా వృత్తి. ఆ విషయమే నాలుగు మాటల్లో చెప్పమని పెద్దలు ఆదేశించారు. సముద్రం లేని రాయచూరు జిల్లాలో ఈ చదువుతో మనకేం పని అని మీకు అనిపించవచ్చు. కానీ మన జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ఉన్నాయి. మన పెద్దలు కోస్తా జిల్లాలు విడిచి ఇక్కడికి వచ్చింది తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకునే. నీటి నడక మన పిల్లలకు కొత్త కాదు.

ఒక చిన్న ప్రయోగం చెబుతాను. పంట బోదెలో నీరు పారుతున్నప్పుడు గట్టుకు ఆనించి ఒక ఇటుకను అడ్డంగా పెట్టండి. నీటి మీద కాస్త ఊక చల్లండి. ఇటుక కొస దాటిన నీరు వెంటనే గట్టువైపు మళ్ళలేదు, ముందుకు పోతుంది. ఇటుక వెనుక మిగిలిన చోటులోకి కొంత నీరు వెనక్కి వచ్చి తిరుగుతుంది. ఊక గుండ్రంగా తిరగడం మీకే కనిపిస్తుంది. అదే సుడి.

సముద్రంలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన కొండ దగ్గర జరిగేదీ ఇదే. అయితే బోదెలో నీరు ఒకే వైపు పారుతుంది. సముద్రంలో ఆటుపోట్ల వల్ల చాలాచోట్ల సుమారు 6 గంటలకు ఒకసారి ప్రవాహం దిశ మారుతుంది. కొండకు ఒక పక్క పుట్టిన సుడి దిశ మారగానే బలహీనపడుతుంది, రెండో పక్క కొత్త సుడి మొదలవుతుంది.

సుడి ఇసుకను కూడా పోగు చేస్తుంది. టీ గ్లాసులో చెంచా తిప్పి వదిలితే టీ ఆకు అడుగున మధ్యకు చేరుతుంది కదా. తిరిగే నీరు అంచుకు ఒత్తుకుని అక్కడ కాస్త ఎత్తుగా నిలుస్తుంది. అడుగున మాత్రం రాపిడికి నీటి వేగం తగ్గి, అది మధ్యకు జారుతూ ఆకును వెంట తీసుకుపోతుంది. 1926లో ఐన్‌స్టీన్ దీనిని వివరించారు. ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ బిల్ అనే కొండముక్కు పక్కన ఉన్న షాంబుల్స్ అనే ఇసుక తిన్నె ఏర్పడటానికి ఇలాంటి సుడులే కారణమని 1978లో పింగ్రీ అనే శాస్త్రవేత్త చూపించారు.

మన విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండను మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ ఆటుపోట్ల ఎత్తు తక్కువ, పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరు. అందుకని అక్కడ అలలు, ఋతువును బట్టి దిశ మార్చుకునే తీర ప్రవాహం ఎక్కువ పని చేస్తాయి. ఏ తీరానికి ఏది ముఖ్యమో కొలిచి తేల్చడమే మా పని. ఓడరేవులో ఇసుక ఎక్కడ మేట వేస్తుంది, ఓడ నుంచి కారిన చమురు ఎటు పోతుంది, దారి తప్పిన పడవను ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఈ లెక్కల్లోనే ఉన్నాయి. సముద్రంలో గల్లంతైన వారిని వెతకడానికి తోడ్పడే ‘సరత్’ అనే సాధనాన్ని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2016లో అందుబాటులోకి తెచ్చింది.

పిల్లలకు ఒక హెచ్చరిక. ప్రయోగం బోదెలోనే చేయండి. పెద్ద కాలువలో తూముల కింద, వంతెన స్తంభాల వెనుక, నదిలో బండల చాటున నీరు పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత వచ్చిన వాడిని కూడా ఆ నీరు తిప్పి లోపలికి లాగగలదు. అక్కడ దిగవద్దు.

తల్లిదండ్రులకు ఒక మనవి. “సముద్రం చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?” అని మా నాన్నగారు కూడా అడిగారు. ఆ భయం సహజం. అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంలో కొలతలు మొదలుపెట్టారు. ఆనాడు ఈ రంగంలో అవకాశాలు బహు కొద్ది. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, 1993లో చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ, ఆ తరువాత ఇన్‌కాయిస్ వచ్చాయి. మన రాష్ట్రంలోనే సూరత్‌కల్ ఎన్.ఐ.టి.లో ఈ రంగపు ఇంజనీరింగ్ చదువు ఉంది. పోటీ గట్టిగానే ఉంటుంది, ఉద్యోగం రావడానికి కొన్నేళ్ళు పట్టవచ్చు కూడా. అయినా గణితం, భౌతికశాస్త్రం మీద ఇష్టమున్న పిల్లవాడు, ముఖ్యంగా ఆడపిల్ల, పి.యు.సి. తరువాత బి.ఎస్సీ. చదువుతానంటే తక్కువ చదువని తోసిపుచ్చకండి. మూడేళ్ళు తోడు నిలవండి.

విద్యార్థులారా, ఈ రోజు మీరు అందుకున్న సొమ్ము కాలువ నీటి వంటిది. పై మడి తడిసిన తరువాత కింది మడికి వదలాలి. మీరు నిలదొక్కుకున్నాక మరొకరి చదువుకు సాయపడండి.