పళ్లు లెక్కపెడదాం, మిషన్ తిప్పుదాం
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మనలో చాలామంది లోన్ తీసుకుని కుట్టు మిషన్ కొన్నాం. ఫాల్, పీకో, బ్లౌజుల మీదే కిస్తీ కడుతున్నాం. మిషన్ ఆగినా కిస్తీ ఆగదు కదమ్మా! ఒక్కోసారి మోటార్ తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ గేర్‌కు రెండు పళ్లు విరిగి ఉంటాయి. "ఈ పార్ట్ దొరకదు, కొత్త మిషన్ కొనుక్కోండి" అనే మాట వింటాం. ఆ మాట నమ్మే ముందు గేర్ సంగతి కొంచెం తెలుసుకుందాం.

ప్లాస్టిక్ పెట్టినంత మాత్రాన మోసం అనుకోవద్దు. అది చప్పుడు తక్కువ చేస్తుంది, తుప్పు పట్టదు. మందం గుడ్డ ఇరుక్కుని మిషన్ బిగుసుకుంటే చాలాసార్లు ముందు అదే విరిగి మోటార్‌ను కాపాడుతుంది. ఇంట్లో ఫ్యూజ్ లాగన్నమాట.

ఇక కొలత. ముందు ప్లగ్ తీసేయండి. పళ్లు లెక్కపెట్టండి, విరిగినవి కూడా కలపాలి. ఒక పన్ను కొస నుంచి ఎదుటి పన్ను కొస వరకు వెర్నియర్‌తో కొలవండి. పళ్ల లెక్కకు 2 కలిపి, వచ్చిన అంకెతో ఆ కొలతను భాగించండి. 22 పళ్లు, 24 మిల్లీమీటర్లు అనుకోండి. 24ని 24తో భాగిస్తే 1. దీన్ని మాడ్యూల్ అంటారు. రెండు గేర్లకు మాడ్యూల్ ఒకటే అయితేనే పళ్లు కలుస్తాయి. మందం, నడిమి రంధ్రం కూడా రాసుకోండి. పళ్లు ఏటవాలుగా ఉంటే ఈ లెక్క చాలదు. అప్పుడు విరిగిన ముక్కలన్నీ, దానితో కలిసి తిరిగే గేర్ కూడా పట్టుకెళ్లాలి.

ఎక్కడికి అంటారా? మన పక్కనే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. నమూనాలు తయారు చేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కేంద్రం. 2023 మార్చి 2న ప్రారంభమైంది, 78,000 చదరపు అడుగుల వర్క్‌షాప్. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ మిషన్లు ఉన్నాయి. చార్జీ ఎంతో ముందే అడగండి.

మొదట చవక పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ఒకటి తీయించి, సరిగ్గా కూర్చుందా చూడండి. అది 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది, రోజూ పనికి నిలవదు. కొలత కుదిరాక నైలాన్‌తో, లోపల బోలు లేకుండా నిండుగా చేయించండి. ఒకటి రెండు గేర్లకు ప్రింటింగే మేలు. వందల్లో కావాలంటే అచ్చు చేయించాలి, ఆ అచ్చుకే పెద్ద ఖర్చు.

మిషన్ల సంగతి మనకెందుకు అనకండి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు పెద్ద చదువులు చదవకుండానే, తల్లి చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

నా ప్రతిపాదన చిన్నదే. సమాఖ్య డబ్బుతో ఒక వెర్నియర్ కొందాం. ప్రతి సంఘం నుంచి ఒక్కరు కొలత నేర్చుకోవాలి. ఎవరి మిషన్ గేర్‌కు ఎన్ని పళ్లో, ఏ కొలతో ఒక నోట్‌బుక్కులో రాసి పెడదాం. ఒకరు రాసిన కొలత ఇంకొకరి కిస్తీని నిలబెడుతుంది. సెలవు.