అడుగున ఏముందో తెలిశాకే బోరు

(విజయవాడలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెల్టా రైతుకు నీరంటే కాలువే. 1855లో ఆనకట్ట కట్టిన నాటి నుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, మన చూపంతా ఎగువకే. కాలువ శివారుకు అందని ఏడాదే బోరు గుర్తుకొస్తుంది. అప్పుడు కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేవాడిని పిలుస్తాం. మంచినీళ్లు పడితే అదృష్టం, ఉప్పునీళ్లు పడితే ఖర్మ అంటాం. అప్పు మాత్రం ఎటొచ్చినా మనదే. కౌలు రైతయితే పొలం వదిలిపోయినా ఆ అప్పు వదలదు.

మన ప్రాంతమంతా అడుగున ఒక్క తీరుగా లేదు. మైలవరం, తిరువూరు మెట్టలో కింద గట్టి రాయి. నీరుండేది మెత్తబడిన పైపొరలో, రాతి పగుళ్లలో. అవనిగడ్డ, నాగాయలంక, బందరు వైపు ఏరు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి. పాత ఏటి పాయలు పూడిన చోట, ఇసుక దిబ్బల కింద వాననీరు తీపిగా నిలుస్తుంది. దాని అడుగున ఉప్పునీరు. ఉప్పునీరు బరువు కాబట్టి మంచినీరు దానిపై తేలుతుంది. తీరంలో స్థూలంగా లెక్క ఇదీ: సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, కింద దాదాపు 40 అడుగులు నిలుస్తుంది. పైన ఒక అడుగు తగ్గితే, కాలక్రమంలో ఉప్పునీరు 40 అడుగులు పైకొస్తుంది. మెట్టలో లోతు పెంచితే డబ్బు పోవచ్చు. ఇక్కడ లోతు పెంచితే నీళ్లే పోతాయి.

ఈ లెక్క తెలియని స్వచ్ఛంద సంస్థ ఒకటి మా వైపు బంకమట్టిలో ఇంకుడు గుంటలు తవ్వించింది. ఫొటోలు మిగిలాయి గానీ నీరు ఇంకలేదు.

తెలిసి చేసినవాళ్లూ ఉన్నారు. 2003లో మొదలైన 'రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థలు' పథకం చూడండి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో బర్డ్స్ సంస్థ, మరికొన్ని చిన్న సంస్థలు కలిసి అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో దాన్ని నడిపాయి. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు ఊళ్లో కూర్చుని చెప్పారు. కొలిచింది మాత్రం రైతులు, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. వాన ఎంత పడింది, బావిలో నీటి మట్టం ఎంత, బోరు ఎంత పోస్తోంది అని రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్కగట్టారు. చాలదని తేలితే ఏ పంట వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. జరిమానాల్లేవు, డబ్బు ఆశ చూపిందీ లేదు. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

ఆ పద్ధతి రాతి నేలలది. మన దగ్గర నీటి మట్టంతో పాటు ఉప్పు కూడా కొలవాలి. అందుకు చిన్న ఈసీ మీటరు చాలు.

మనం చేయవలసిన పనులు మూడు. ఒకటి, వచ్చే దాళ్వాకు ముందే ప్రతి ఊళ్లో అయిదు బావులో బోర్లో ఎంచుకుని, నెలనెలా మట్టం, ఉప్పు కొలిచి పుస్తకంలో రాయాలి. రెండు, భూగర్భ జలశాఖ దగ్గరున్న మట్టి పొరల వివరాలు, మట్టాల లెక్కలు తెలుగులో పంచాయతీ గోడపై పెట్టమని అడగాలి. మూడు, 2002 వాల్టా చట్టం కింద బోర్ల అనుమతులు చూసే చోట కౌలు రైతుల మాట కూడా వినాలని, రొయ్యల చెరువుల బోర్లనూ ఆ లెక్కలోకి తేవాలని పట్టుబట్టాలి.

సాయం చేస్తామంటూ ఏ సంస్థ వచ్చినా సంతోషం. ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: "మా ఊరి కింద ఏముందో చూశారా?" వాళ్లు జవాబు వెతికేలోపు మన పుస్తకం మన చేతిలో ఉండాలి.