ఇంటర్వ్యూలో ఇంటి వివరాలెందుకు?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చదువు ముగించి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగళూరుకో చెన్నైకో వెళ్లే పిల్లలకు ఇంటర్వ్యూలో కోడింగ్ ప్రశ్నలతో పాటు "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్న ప్రశ్న కూడా ఎదురుకావచ్చు. మాట కలపడానికే అడిగినా, "కూలికి పోతారు" అన్న జవాబు ఎంపిక మీద ప్రభావం చూపదని చెప్పలేం. సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిభే ముఖ్యమన్న మేనేజర్లే కుటుంబ నేపథ్యాన్నీ చూస్తామన్నారు. అదే ఏడాది సుఖ్‌దేవ్ థోరాట్, పాల్ అటెవెల్ పరిశోధనలో అర్హతలు సమానంగా ఉన్నా దళిత, ముస్లిం పేర్లతో పంపిన దరఖాస్తులకు పిలుపులు తగ్గాయి. అమెరికాలో నల్లజాతివారి పేర్లకూ ఇదే జరిగిందని 2004 నాటి పరిశోధన తేల్చింది.

"సాఫ్ట్‌వేర్‌లో కులం ఎవరు చూస్తారు?" అంటారు కొందరు. ఆ మాటకూ కొంత ఆధారముంది. ఢిల్లీలో జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిలుపుల్లో కులవివక్ష కనబడలేదు. కానీ అది కొలిచింది పిలుపు వరకే. ఎదురెదురుగా కూర్చున్నాక యాస, ఇంటిపేరు, తండ్రి వృత్తి అన్నీ బయటపడతాయి. ఇంటర్వ్యూలో ఏం అడగాలో, ఏం అడగకూడదో నియమాలు పెడితే ప్రతిభ గుర్తించడం కష్టమవుతుందన్న భయమూ అక్కర్లేదు. అందరికీ అవే ప్రశ్నలు వేసి, ముందే రాసుకున్న కొలతలతో మార్కులిచ్చే ఇంటర్వ్యూయే పనితనాన్ని మెరుగ్గా అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి మన కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులు క్యాంపస్‌కు వచ్చే ప్రతి కంపెనీనీ ఈ పద్ధతి పాటించమని, ఇంటి వివరాలు అడగవద్దని గట్టిగా కోరాలి. అది మన పిల్లలకు న్యాయం, కంపెనీలకూ లాభం.