పని వదిలిన తర్వాత వచ్చే మొదటి ఉగాది

(చింతామణిలో ఉగాది సందర్భంగా జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ఉపన్యాస పాఠం)



పొద్దున గుడి దగ్గర పంచాంగం విని చాలామంది నేరుగా ఇక్కడికే వచ్చారు. ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని అయ్యవారు చదివే ఉంటారు. ఈ సభలో కూర్చున్నవాళ్ళలో చాలామందికి పోయిన ఉగాదికి మిల్లులో పని ఉంది, ఈ ఉగాదికి లేదు. వాళ్ళు ఏ రాశిలో పుట్టినా ఈ ఏడు ఆదాయం గడి ఖాళీయే. అందుకని మన పంచాంగం మనమే చదువుకుందామని ఈ సమావేశం పెట్టాం.

మిల్లు వదిలిన మొదటి నెల ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పనక్కర లేదు. మేమూ స్పిన్నింగ్ ఖాతాలో రింగ్ ఫ్రేముల మధ్య నడిచి, తెగిన పోగులు అతికి, ఆ తర్వాతే యూనియన్ ఆఫీసులో కుర్చీ ఎక్కినవాళ్ళం. ఫస్టు షిఫ్టుకు అలవాటుపడిన ఒళ్ళు నాలుగున్నరకే లేస్తుంది. మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కున్నాక గుర్తొస్తుంది, పోవలసిన చోటు లేదని. "ఇంక యాంటికి లేసేది, పండుకోండి" అంటారు ఇంట్లో ఆడవాళ్ళు. ప్రేమగానే అంటారు. మనకు మాత్రం మొట్టికాయ వేసినట్టుంటుంది. ఫ్రేముల చప్పుడులో ఇరవై ఏళ్ళు అరిచి మాట్లాడిన గొంతు ఇంట్లో కూడా అరుస్తుంది. నాయనకు కోపం ఎక్కువైందని పిల్లలు అనుకుంటారు. కోపం కాదు నాయనా, చెవి మందగించింది.

ఇవి చిన్న విషయాలని తోసెయ్యకండి. చేతిలో ఒకేసారి వచ్చిన డబ్బుంది, చెయ్యడానికి పని లేదు, ఊళ్ళో నలుగురూ చూస్తున్నారు. ఏదో ఒకటి చేసి చూపించాలన్న తొందర ఆ నాలుగున్నర గంటల మెలకువలోనే పుడుతుంది. సెటిల్‌మెంటు డబ్బుకు అసలు గండం అక్కడే.

ముందు ఆ డబ్బు ఎంతో లెక్క చూద్దాం. గ్రాట్యుటీకి 1972 చట్టం నేర్పిన లెక్క అందరికీ నోటికి రావాలి. చివరి నెల జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి, 26తో భాగించాలి. వచ్చిన రోజుకూలిని 15తో గుణించాలి. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే అదీ ఒక ఏడాదే. 2025 నవంబరు 21న కొత్త లేబరు కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పదిహేను రోజుల లెక్క మాత్రం మారలేదు. జీతం అంటే ఏమిటన్న నిర్వచనం మారింది. అలవెన్సుల పేరుతో సగానికి మించి చూపిస్తే ఆ మించినదాన్ని జీతంలో కలిపి లెక్క కట్టాలి. మీ చీటీ మీద బేసిక్ కొంచెంగా, అలవెన్సులు మెండుగా ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక ఉదాహరణ. చివరి జీతం 10,400 రూపాయలు, సర్వీసు 22 ఏళ్ళు. రోజుకు 400. పదిహేను రోజులకు 6,000. ఇరవై రెండేళ్ళకు 1,32,000. వినడానికి పెద్ద మొత్తమే. ఇప్పుడు ఇంటి ఖర్చు చూడండి. రాగులు, బియ్యం, కరెంటు, గ్యాసు, పిల్లల ఫీజులు, మందులు, అన్నీ బిగబట్టి నెలకు 11,000 అనుకుందాం. 1,32,000 అంటే సరిగ్గా పన్నెండు నెలలు. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది వరకు. ఇరవై రెండేళ్ళ చాకిరీ మనకిచ్చింది ఒక్క ఏడాది. అది బహుమానం కాదు, ఆస్తి కాదు, రాబోయే పన్నెండు నెలల జీతం ముందుగా చేతికొచ్చింది, అంతే. జీతంలాగే నెలకింత అని తీసుకుంటే ఏడాదంతా నిలబడుతుంది.

మన తాలూకాలో అది నిలబడకుండా చేసేది బోరు. ఇది ఎవరినీ ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. నాయన వదిలిన రెండెకరాలు ఎండిపోయి ఉన్నాయి, చేతికి డబ్బొచ్చింది, నీళ్ళు పడితే మళ్ళీ ఎవరి గేటు ముందూ నిలబడనక్కర లేదన్న ఆశ ఎవరికుండదు? బోరు లారీ వస్తుంది. అడుగుకింత అని రేటు మాట్లాడతారు, లోతు పెరిగేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. ఐదువందల అడుగులకు దుమ్మే. ఎనిమిదివందలకు తేమ తగిలిందంటారు. ఇంత పోసినాం, ఇంకో వంద చూద్దామంటాడు బావమరిది. వెయ్యి దాటాక లారీ వెళ్ళిపోతుంది. కేసింగ్ పైపు మాత్రం మిగులుతుంది. ఒకవేళ పడినా మోటారు, కేబులు, పైపులకు మళ్ళీ అంతే ఖర్చు, రెండు వేసవులకు అదీ ఎండుతుంది. ఏడాదంతా పారే ఏరు మన సీమలో లేదు. 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధిచేసి ముందు కోలారు చెరువులకు, తర్వాత మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. మన వయసంతా తీసుకున్న ఊరు, వాడుకున్న నీళ్ళు తిరిగి పంపిస్తోంది. చెరువు నిండిన చోట భూగర్భ జలం కొంత లేచిన మాట నిజమే. దాన్ని నమ్ముకుని గ్రాట్యుటీ మొత్తం భూమిలో దింపకండి. సేద్యం చెయ్యాలనుకున్నవాళ్ళు ముందు ఒక ఏడు గుత్తకు చేసి చూడండి. టమాటా సంగతి మండీ పక్కనే పుట్టిన మీకు మేం చెప్పేదేముంది. ఒక వారం ధర చూసి నాటు వేస్తే, కోత నాటికి రోడ్డు పక్కన పారబోసే రోజు రావచ్చు.

పని పోవడం మనకే కొత్తగా వచ్చింది కాదు. మన తాతలు చిన్న పట్టాల రైలెక్కి చింతామణి నుంచి బెంగళూరు మిల్లులకు పోయారు. 1884లో మొదలై బిన్నీ చేతికి వచ్చిన మిల్లు ఉన్న నేల మీద నేడు అపార్టుమెంట్లు లేచాయి. 1974లో జాతీయం చేసిన మినర్వా మిల్లు కూడా లేదు. ఆ మిల్లు పేరు 1980 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల దేశంలో ప్రతి లాయరుకూ తెలుసు. అక్కడ కండెలు మార్చినవాళ్ళ పేర్లు ఏ లాయరుకూ తెలియవు. బొంబాయిలో 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత వేలాది తెలుగు పద్మశాలీలకు మిల్లు తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు. సాంచాలు వెతుక్కుంటూ సిరిసిల్లకు తిరిగొచ్చినవాళ్ళున్నారు.

అంతెందుకు, మన పక్కనున్న కోలారు బంగారు గనులు చూడండి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ ఏడు ఉగాది మార్చి 26న వచ్చింది. నెల తిరక్కుండా పండగ. బకాయిల కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. ఈనాటికీ ఆ ఊరి పిల్లలు తెల్లవారక ముందే రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు.

ఇక కాగితాల సంగతి. ఆడవాళ్ళు ఇది జాగ్రత్తగా వినాలి. పని వదిలేటప్పుడు ఏ కాగితం మీద ఏ మాట రాసి సంతకం పెట్టారన్నదే అన్నిటికంటే ముఖ్యం. మిల్లు మూసివేత అన్నా, తొలగింపు అన్నా చట్టప్రకారం పరిహారం ఉంది. ఈఎస్‌ఐలో 2005 నుంచి ఉన్న నిరుద్యోగ భృతికి అర్జీ పెట్టుకోవచ్చు. స్వచ్ఛంద విరమణ అన్నారా, ఒప్పందంలో రాసుకున్నది వస్తుంది, ఆ భృతి రాదు. ఉత్త రాజీనామా అని రాశారా, గ్రాట్యుటీ, పీఎఫ్ తప్ప మిగతావన్నీ పోయినట్టే. అందుకే మూసెయ్యదలచిన యాజమాన్యం "అందరూ ఒక రాజీనామా చీటీ రాసివ్వండి, లెక్క తొందరగా తేలుస్తాం" అని తీపిగా చెబుతుంది. గార్మెంట్స్‌లో ఇంకో ఆట ఉంది. ఐదేళ్ళు నిండబోతున్నాయనగా రాజీనామా రాయించుకుని, పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్త నంబరుతో మళ్ళీ చేర్చుకుంటారు. గ్రాట్యుటీకి ఐదేళ్ళు కావాలి గనుక. ఎవరైనా కాగితం చేతికిస్తే, "ఇంట్లో చూపించి రేపు తెస్తాను" అనండి. ఆ రాత్రే యూనియన్‌కు తెలియజెయ్యండి.

పీఎఫ్ గురించి చెప్పాలంటే 2016 చెప్పాలి. ఆ ఫిబ్రవరి 10న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పని వదిలినా యజమాని వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోకూడదని. ఉగాది వెళ్ళిన పది రోజులకు, ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు గార్మెంట్స్ ఆడబిడ్డలు ఏ యూనియన్ పిలుపూ లేకుండానే రోడ్ల మీదికి వచ్చారు. లాఠీలకు ఓర్చుకున్నారు. 19వ తేదీనే కేంద్రం ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా మైకు పట్టుకున్న మాలాంటివాళ్ళం ఆ రెండు రోజుల గురించి ఆలోచించవలసింది ఇంకా చాలా ఉంది. అది వేరే సభలో మాట్లాడదాం.

అలా కాపాడుకున్న డబ్బు ఎప్పుడు తీయాలన్నది మన చేతిలో ఉంది. పదేళ్ళ సర్వీసు నిండినవాళ్ళకు 1995 పథకం కింద 58 ఏళ్ళకు పెన్షన్ వస్తుంది. 50 దాటగానే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత, ఆ కోత చచ్చేదాకా ఉంటుంది. పదేళ్ళు నిండనివాళ్ళు పెన్షన్ డబ్బు తీసేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. రేపు ఇంకోచోట చేరితే పాత ఏళ్ళు కొత్త ఏళ్ళతో కలుస్తాయి. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలే. ఆ వెయ్యికి ఏమొస్తుందని మీరడుగుతారు, మేమూ అదే అడుగుతున్నాం.

స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్ళు, వయసు నిండి దిగినవాళ్ళు, ఐదేళ్ళు ఈఎస్‌ఐ కట్టి ఉంటే, నెలకు పది చొప్పున ఏడాదికి 120 రూపాయలు ముందుగా కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. నూటఇరవై రూపాయలు! దూది దుమ్ము పీల్చిన మన ఊపిరితిత్తులకు ఇంతకంటే చవక మందు లేదు. ఈ సంగతి తెలియక ప్రైవేటు ఆసుపత్రిలో గ్రాట్యుటీ కరిగించుకున్న కుటుంబాలు ఉన్నాయి.

మళ్ళీ పని మాట. కైవారం తాతయ్య గాజుల మలారం దించి తపస్సుకు కూర్చున్నారు. మనకంత భాగ్యం లేదు, మలారం దించిన మర్నాడే ఇంకొకటి ఎత్తుకోవాలి. శిడ్లఘట్టలో పట్టు తీసే బట్టీలున్నాయి. తెగిన పోగు కనిపెట్టి అతికే వేళ్ళకు అక్కడ విలువుంది. కానీ వేడినీళ్ళు, ఆవిరి, రోజుకూలి. పీఎఫ్ ఉందా అని అడిగితే నవ్వుతారు. బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోయేవాళ్ళు ఉన్నారు, పన్నెండు గంటల డ్యూటీ. పోవద్దని చెప్పం, ఇల్లు గడవాలి. పాత యూఏఎన్ నంబరే ఇచ్చి చేరండి, మొదటి నెలలోనే కంట్రాక్టరు నిజంగా కట్టాడా లేదా చూసుకోండి. యూనియన్ చందా మానకండి. మిల్లు గేటు మూతపడితే సభ్యత్వం పోతుందని ఎవరో చెప్పారట. బకాయి తేలేదాకా మీరు సభ్యులే. ఒంటరిగా పోయిన మనిషిని గుమాస్తా రేపు రమ్మంటాడు, పాతికమంది పోతే కుర్చీ వేస్తాడు.

రేపు హొసతొడకు, ఎవరూ రారని మాకు తెలుసు, కడుపునిండా తినండి. ఎల్లుండి ఉదయం పది గంటల నుంచి ఇదే చోట కాగితాలు చూస్తాం. చివరి మూడు నెలల జీతం చీటీలు, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకు పుస్తకం, మీరు సంతకం పెట్టిన లేఖ నకలు తెచ్చుకోండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో ఇవ్వాలి. గడువు దాటినవాళ్ళ పేర్లు వేరుగా రాసుకుని అందరం కలిసి కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళదాం. చదువురాని అక్కయ్యలు పిల్లలను తోడు తెచ్చుకోండి. లేఖ నకలు ఇవ్వలేదని ఇందాక ముగ్గురు చెప్పారు, వాళ్ళు సభ అయ్యాక వెళ్ళిపోకుండా ముందు వరుసలో కూర్చోండి, ఇప్పుడే అర్జీ రాద్దాం.