వంతల పేర్లు రాసుకోండి

పట్టాలు అందుకున్న పిల్లలకు, ఫీజులు కట్టి ఇక్కడిదాకా తెచ్చిన తల్లిదండ్రులకు పెద్ద నమస్కారం.

నేను కళాకారుణ్ణి కాను. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, కళాకారుల జట్లను ఊరూరా తిప్పి, ఢిల్లీ ఉత్సవాలకు తీసుకెళ్ళి రిటైరైనవాణ్ణి. రైలు టికెట్లు తియ్యడం, భోజనాలు చూడడం, మైకువాడితో పోట్లాడడం, చివర్లో డబ్బు పంచి సంతకాలు పెట్టించుకోవడం. జాతీయ సంస్కృతి అనే పెద్దమాటలో నా వాటా ఇదీ.

తోలుబొమ్మలాటను తెర వెనక నిలబడి చూశారా ఎప్పుడైనా? ముందు కూర్చున్నవాళ్ళకు హనుమంతుడు లంక మీద పడతాడు. వెనక మాత్రం ఒక పెద్దాయన రెండు చేతులా బొమ్మలాడిస్తూ, పద్యం ఎత్తుకుంటూ, కాలికింద చెక్కను దబదబా తొక్కుతుంటాడు. మనం విన్న యుద్ధం ఆ చెక్క చప్పుడే. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మరి ఇలాంటి ఆటల్లో తాళం వేసినవాళ్ళు, గొంతు కలిపినవాళ్ళు ఎవరు?

నన్ను పీడించే సంగతి ఇదే. బుర్రకథలో కథకుడి పేరు పోస్టరు మీదికెక్కుతుంది. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలిద్దరి సంగతేమిటి? ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం పోకడ మీద చురకలు వేస్తారు, వాళ్ళు లేకపోతే కథ నడవదు. మా ఆఫీసులో వాళ్ళ పేర్లు ఒక్కచోటే ఉండేవి, డబ్బు ముట్టినట్టు వేలిముద్ర వేసిన కాగితం మీద. ఆడిట్ అయ్యాక ఆ కట్టలు తూకానికి పోయాయి. టేపులు మాత్రం బీరువాలో భద్రం. డబ్బా మీద ‘బుర్రకథ - 2’ అని ఉంటుంది. ఎవరిది, ఏ ఊరిది అంటే బీరువానే అడగాలి.

అదే రాసిపెడితే ఏమవుతుందో చూడండి. కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప 13వ శతాబ్దంలో ‘నృత్తరత్నావళి’ అనే నాట్యశాస్త్ర గ్రంథం రాసిపెట్టాడు. ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్ళీ లేపి నిలబెట్టారు. ఏనుగుల దండును మేపుకునే మనిషికి రాయడానికి తీరిక దొరికింది. పిల్లలూ, మీకు దొరకదా? ఒగ్గుకథ కనబడితే చాలు, ఫోను పైకెత్తుతారు. వీడియో కింద మంట బొమ్మలు నాలుగు పెడతారు. డోలు కొట్టే ఆయన పేరు అడగడానికి మాత్రం నోరు రాదు. ఏం చదువులమ్మా ఇవి! పేరు, ఊరు, తేదీ, నేర్పిన గురువు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు రాసినా నేనేమీ అనుకోను.

ఈ సాయంత్రం ఇక్కడే చిందు భాగవతం ఉందిట. కరపత్రంలో నా పేరు ఇంత లావు అక్షరాలతో వేశారు. రాత్రంతా ఆడబోయేవాళ్ళను ‘బృందం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఉపకులపతి గారూ, నవ్వకండి. ఆట మొదలయ్యేలోపు వాళ్ళ పేర్లు వేసి ఇంకో కరపత్రం అచ్చువేయించండి, ఖర్చు నేను పెట్టుకుంటాను.